కాలేయంలో కనిపించిన చుక్క: కౌంట్లు చాలని ఒక పెట్ స్కాన్, దాన్ని సరిదిద్దిన తీరు

హాడ్జ్‌కిన్ లింఫోమా అనే లింఫ్ గ్రంథుల క్యాన్సర్‌కు ఏబీవీడీ అనే నాలుగు మందుల కీమోథెరపీ రెండు సైకిళ్లు పూర్తయిన ఒక మహిళను, మందు ఎంతవరకు పనిచేస్తోందో తెలుసుకోవడానికి మధ్యంతర పెట్-సీటీ స్కాన్ కోసం ఆంకాలజీ వైద్యులు కర్నూలులోని మా విభాగానికి పంపారు. ఆమె ఆదోని దగ్గరి పల్లె నుంచి భర్తతో కలిసి బస్సులో వచ్చారు. వయసు నలభై దాటింది. బరువు 98 కిలోలు, ఎత్తు 156 సెంటీమీటర్లు. రాత్రి భోజనం తర్వాత నీళ్లు తప్ప ఏమీ తీసుకోలేదు. ఇంజెక్షన్‌కు ముందు రక్తంలో చక్కెర 118 ఉంది. తయారీ విషయంలో వంక పెట్టడానికేమీ లేదు. అయినా ఆ రోజు మొదట తీసిన చిత్రాల మీద నివేదిక రాయడానికి నాకు మనసొప్పలేదు. ఎందుకు ఒప్పలేదో, ఆ తర్వాత ఏం చేశామో ఇక్కడ వివరంగా రాస్తున్నాను. రోగిని గుర్తుపట్టడానికి వీలయ్యే వివరాలు మార్చాను.

ఈ మధ్యంతర స్కాన్ మీద ఎంత భారం ఉంటుందో ముందు చెప్పాలి. లింఫోమాలో చికిత్సకు స్పందనను డోవిల్ స్కోరు అనే అయిదు మెట్ల కొలమానంతో చెబుతాం. మిగిలిన గడ్డలో ఎఫ్‌డీజీ (స్కాన్‌కు ముందు ఇంజెక్షన్‌గా ఇచ్చే, చక్కెరలాంటి రేడియోధార్మిక మందు) చేరిక ఛాతీలోని పెద్ద రక్తనాళాల స్థాయిని దాటి, కాలేయం స్థాయిని మించకుండా ఉంటే 3. కాలేయాన్ని కొంత మించితే 4. బాగా మించినా, కొత్త చోట వ్యాధి కనబడినా 5. 3 వరకు ఉంటే ఆ తర్వాతి సైకిళ్లలో ఏబీవీడీలో ఒకటైన బ్లియోమైసిన్‌ను మానేసి ఊపిరితిత్తులకు ముప్పు తగ్గించవచ్చు. 4, 5 అయితే మరింత తీవ్రమైన మందుల వైపు వెళ్లాలి. 2016లో ఫలితాలు వెలువడిన రాత్‌ల్ అధ్యయనం తర్వాత ఈ పద్ధతి బాగా స్థిరపడింది. అంటే కొలబద్ద కాలేయమే. కాలేయం చిత్రమే గరుకుగా, మచ్చలు మచ్చలుగా వస్తే దానితో పోల్చి చెప్పే ప్రతి మాటా సందేహాస్పదమవుతుంది.

ఆ రోజు డోస్

కర్నూలులో మేము వాడే ఎఫ్‌డీజీ హైదరాబాదులోని సైక్లోట్రాన్ నుంచి 44వ నంబరు జాతీయ రహదారి మీద కారులో వస్తుంది. దూరం రెండు వందల కిలోమీటర్లకు కొంచెం పైన. ఫ్లోరిన్-18 అర్ధాయువు దాదాపు 110 నిమిషాలు కాబట్టి, తయారై కొలిచిన వేళ నుంచి నాలుగు గంటలకు చేతికి అందితే అసలు రేడియోధార్మికతలో 22 శాతమే మిగులుతుంది. ఈ తరుగుదలను లెక్కవేసుకునే ఆర్డరు పెడతాం. ఇబ్బంది వచ్చేది ఆలస్యం లెక్క తప్పినప్పుడే. 45 నిమిషాల అదనపు ఆలస్యం అంటే, ఇద్దామనుకున్న దాంట్లో పావు వంతు దారిలోనే కరిగిపోవడం.

ఆ రోజు రహదారి మీద వాహనాలు నిలిచిపోయి బండి ఆలస్యంగా తుంగభద్ర వంతెన దాటింది. జాబితాలో ఉన్న రోగులకు వచ్చిన వరుసలోనే ఇంజెక్షన్లు ఇచ్చుకుంటూ పోగా, ఆదోని బస్సు దిగి చివరగా చేరిన ఈమెకు సీసాలో మిగిలింది 6.5 మిల్లీక్యూరీలు, అంటే 240 మెగాబెకరెల్‌లు. పరాయి ఊరి నుంచి ఉపవాసంతో వచ్చిన మనిషిని వెనక్కి పంపడం సబబు కాదనిపించి, ఆ డోసుతోనే మొదలుపెట్టాం. గంట విశ్రాంతి తర్వాత, 62వ నిమిషానికి ఆమె టేబుల్ మీదికి ఎక్కారు. అందరికీ వాడే ప్రోటోకాలే వాడారు: ఒక్కో బెడ్ పొజిషన్‌కు, అంటే టేబుల్ ఆగి శరీరంలో ఒక భాగాన్ని తీసే ఒక్కో మజిలీకి, రెండు నిమిషాలు.

మొదటి చిత్రాలు

కంప్యూటర్ తెర మీద మొదట నా కంట పడింది కాలేయం. ఆరోగ్యంగా ఉన్న కాలేయం పెట్ చిత్రంలో సమంగా అలికినట్టు ఒకే బూడిదరంగులో ఉండాలి. ఇక్కడ ముదురు, లేత మచ్చలు కలగలిసి ఉన్నాయి. కుడి లోబ్ వెనుక భాగంలో, పైకప్పుకు కొంచెం దిగువన, సెంటీమీటరుకు మించని ఒక ముదురు చుక్క చుట్టుపక్కల వాటికంటే స్పష్టంగా నిలబడింది. దాని ఎస్‌యూవీ మ్యాక్స్ 4.1 (ఎస్‌యూవీ అంటే డోసును, బరువును బట్టి సరిచేసిన ఎఫ్‌డీజీ చేరిక కొలత; మ్యాక్స్ అంటే అందులో అతి పెద్ద విలువ). కాలేయం సగటు 2.3. ఛాతీ మధ్యలో చికిత్సకు ముందు తీసిన స్కాన్‌లో పెద్దగా ఉండిన గడ్డ బాగా కుంచించుకుపోయి, మిగిలిన చిన్న ముక్కలో 2.8 చూపిస్తోంది. రక్తనాళాల స్థాయి 1.6. ఉన్నది ఉన్నట్టుగా చదివితే ఇది 4. కాలేయంలోని చుక్కను కొత్త వ్యాధిగా లెక్కిస్తే ఏకంగా 5.

సీటీలో ఆ చోట ఏమీ లేదు. అయితే కాంట్రాస్ట్ ఇవ్వని తక్కువ డోసు సీటీలో చిన్న కాలేయ గడ్డలు కనబడకపోవడం మామూలే కాబట్టి, సీటీలో లేదన్నంత మాత్రాన పెట్‌లో కనిపించినదాన్ని కొట్టిపారేయలేం.

కుడి లోబ్‌లో రక్తనాళాలకు, అంచులకు దూరంగా మూడు సెంటీమీటర్ల వ్యాసం గల గోళాన్ని గీసి, అందులోని విలువల చెదురు, అంటే స్టాండర్డ్ డీవియేషన్, సగటులో ఎంత శాతమో చూశాను. 19 శాతం వచ్చింది. మా యంత్రంలో మామూలు బరువున్న రోగులకు ఇది పది, పన్నెండు మధ్య ఉంటుంది. 15 దాటితే కాలేయంలోని చిన్న చుక్కల గురించి నేను ఏ మాటా గట్టిగా చెప్పను.

గరుకుదనానికి వేరే కారణాలున్నాయేమో ఒక్కొక్కటిగా చూశాం. ఇంజెక్షన్ ఇచ్చిన మోచేతి దగ్గర మందు చర్మం కిందికి జారలేదు. ఆ చెయ్యి తలపైన చిత్రంలోనే ఉంది, శుభ్రంగా ఉంది. సిరంజిలో మిగిలింది కొలిచి తీసేశాం. ఉదయం చేసిన డైలీ క్యూసీలో, అంటే యంత్రం రోజువారీ నాణ్యత పరీక్షలో, డిటెక్టర్లన్నీ సరిగానే ఉన్నాయి. మా ఊరి ఎండల్లో స్కానర్ గది ఉష్ణోగ్రత మీద ఎప్పుడూ ఒక కన్ను వేసి ఉంచాలి, ఎందుకంటే కాంతిని విద్యుత్ సంకేతంగా మార్చే భాగాల స్పందన వేడితో మారుతుంది. ఆ రోజు ఏసీ, చిల్లర్ రెండూ నిలకడగానే పనిచేశాయి. మిగిలిన కారణం ఒక్కటే: కౌంట్లు చాలలేదు.

కౌంట్లు ఎందుకు చాలవు

పెట్ చిత్రం లెక్కింపు మీద ఆధారపడిన చిత్రం. శరీరంలో వెలువడిన పాజిట్రాన్ ఒక ఎలక్ట్రాన్‌తో కలిసి అంతమైనప్పుడు 511 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల ఫోటాన్లు రెండు, దాదాపు ఎదురెదురు దిక్కుల్లో బయలుదేరతాయి. రెండూ బయటికొచ్చి, కొన్ని నానోసెకన్ల వ్యవధిలోనే ఎదురెదురు డిటెక్టర్లను తాకితే అది ఒక కౌంటు. ఏ క్షణాన ఏ పరమాణువు విచ్ఛిన్నమవుతుందో చెప్పలేం కాబట్టి కౌంట్లు ఎప్పుడూ కొంత హెచ్చుతగ్గులతోనే పడతాయి. తొలకరిలో నాలుగు చినుకులు రాలితే నల్లరేగడి చేను అక్కడక్కడ తడిసి, అక్కడక్కడ పొడిగా మచ్చలు మచ్చలుగా కనిపిస్తుంది. వాన నిలిచి కురిస్తే చేనంతా ఒకే రంగుకు వస్తుంది. చినుకు పడే తీరు మాత్రం రెండు వేళలా ఒకటే. కౌంట్లు నాలుగింతలైతే మచ్చలదనం సగానికి తగ్గుతుంది. సగం కావడానికి నాలుగింతలు కావాలన్న సంగతి ఈ పనిలో ఉన్నవాళ్లు ఎప్పుడూ గుర్తుంచుకోవాలి.

స్థూలకాయం ఉన్న రోగుల్లో కౌంట్లు ఎంత వేగంగా పడిపోతాయో చాలామంది ఊహించరు. శరీర కణజాలం దాదాపు నీటిలాంటిదే అనుకుంటే, ప్రతి 7.2 సెంటీమీటర్ల మందానికి ఈ ఫోటాన్లలో సగం ఆగిపోతాయి. జంటలో రెండూ బయటపడాలి కాబట్టి విచ్ఛిత్తి ఒంట్లో ఏ లోతున జరిగినా ఆ గీత వెంట మొత్తం మందమూ లెక్కలోకి వస్తుంది. 30 సెంటీమీటర్ల మందంలో పద్దెనిమిది జంటలకు ఒకటి బయటపడితే, 40 సెంటీమీటర్లలో నలభై ఏడింటికి ఒకటే బయటపడుతుంది. పది సెంటీమీటర్లు పెరిగేసరికి మంచి కౌంట్లు దాదాపు మూడో వంతుకు దిగిపోతాయన్నమాట. దీనికి తోడు, దారి మళ్లి వచ్చిన స్కాటర్ ఫోటాన్ల వాటా పెరుగుతుంది. వాటిని లెక్కగట్టి తీసివేస్తాం గానీ, అవి తెచ్చిన చెదురు చిత్రంలోనే ఉండిపోతుంది.

డోస్ పెంచితే సరిపోదా అని టెక్నాలజిస్టులు తరచు అడుగుతారు. కొంతవరకు సరిపోతుంది. కానీ వేర్వేరు విచ్ఛిత్తుల నుంచి వచ్చిన రెండు ఫోటాన్లు యాదృచ్ఛికంగా ఒకేసారి తాకి తప్పుడు జంటగా నమోదయ్యే ర్యాండమ్స్ డోసుకు వర్గంలో పెరుగుతాయి. నిజమైన జంటలు డోసుతో సమంగానే పెరుగుతాయి. ఒక హద్దు దాటాక డోస్ పెంచినందువల్ల ఒరిగేదేమీ ఉండదు. పైగా ఎఫ్‌డీజీతో పెద్దవాళ్లకు మెగాబెకరెల్‌కు 0.019 మిల్లీసీవర్ట్‌ల చొప్పున రేడియేషన్ తగులుతుంది, 240కి 4.6, 370కి 7. అదే టేబుల్ మీద గడిపే నిమిషాలను పెంచితే రోగికి అదనపు రేడియేషన్ ఏమీ ఉండదు. కాబట్టి భారీకాయులకు ముందు పెంచాల్సింది సమయాన్ని అని నా గట్టి అభిప్రాయం.

ఎంత పెంచాలనేదానికి లెక్క ఉంది. యూరోపియన్ అసోసియేషన్ ఆఫ్ న్యూక్లియర్ మెడిసిన్ 2015లో ప్రచురించిన ఎఫ్‌డీజీ మార్గదర్శకాల రెండో కూర్పు ప్రకారం, ఒక బెడ్ పొజిషన్ పక్కదానితో 30 శాతానికి మించి కలిసే యంత్రాల్లో, కిలోల్లో బరువును 7తో గుణించి బెడ్‌కు వెచ్చించే నిమిషాలతో భాగిస్తే కనీసం ఇవ్వాల్సిన మెగాబెకరెల్‌లు వస్తాయి. మా యంత్రం ఆ కోవలోదే. డోస్ ముందే ఖాయమైపోయినప్పుడు అదే సూత్రాన్ని తిరగేసి నిమిషాలు తెలుసుకోవచ్చు. ఈమెకు 98ని 7తో గుణిస్తే 686; దాన్ని 240తో భాగిస్తే 2.9 నిమిషాలు. ఆ మార్గదర్శకాల్లోనే బరువు వర్గాన్ని బట్టి లెక్కగట్టే రెండో సూత్రమూ ఉంది: బరువును 75తో భాగించి, వర్గం చేసి, 525తో గుణించాలి. దాని ప్రకారం ఈమెకు 3.7 నిమిషాలు కావాలి. బరువు ఎక్కువయ్యే కొద్దీ కౌంట్లు మామూలు నిష్పత్తి కంటే వేగంగా పడిపోతాయి గనుక, బరువైన రోగులకు నేను ఈ రెండో లెక్కనే నమ్ముతాను. మేము తీసింది రెండు నిమిషాలు. అంటే కావలసిన కౌంట్లలో సగానికి కొంచెం ఎక్కువ మాత్రమే.

ఇక్కడ టైమ్ ఆఫ్ ఫ్లైట్ సౌకర్యం గురించి ఒక మాట. రెండు ఫోటాన్లు చేరిన వేళల్లో తేడాను బట్టి విచ్ఛిత్తి ఎక్కడ జరిగి ఉంటుందో యంత్రం అంచనా వేస్తుంది. మా యంత్రం తేడాను సుమారు 500 పికోసెకన్ల వరకు పసిగడుతుంది కాబట్టి ఆ చోటును 7.5 సెంటీమీటర్ల పరిధిలో పట్టగలదు. శరీరం ఎంత లావైతే ఈ సౌకర్యం వల్ల లాభం అంత ఎక్కువ. అయితే ఈమె విషయంలో ఆ లాభమంతా అందిన తర్వాతే 19 శాతం వచ్చిందని గమనించాలి.

ఫిల్టర్ పెంచి చూస్తే

గరుకుగా ఉన్న చిత్రాన్ని చూడగానే ఎవరికైనా మొదట తోచేది ఫిల్టర్. మేము వాడే రీకన్‌స్ట్రక్షన్ (కౌంట్ల నుంచి చిత్రాన్ని కట్టే లెక్క) 1994లో హడ్సన్, లార్కిన్ ప్రతిపాదించిన ఓఎస్‌ఈఎం పద్ధతి: 2 ఇటరేషన్లు (లెక్కను మళ్లీ మళ్లీ నడిపే విడతలు), 21 సబ్‌సెట్లు (డేటా భాగాలు), చివర చిత్రాన్ని నునుపు చేసే 5 మిల్లీమీటర్ల గాసియన్ ఫిల్టర్. ఈ పద్ధతిలో ఇటరేషన్లు పెంచితే చిన్న గడ్డలు తేటపడతాయి గానీ, దాంతోపాటే నాయిస్, అంటే ఈ గరుకుదనం, కూడా పెరుగుతుంది. ఎక్కడో ఒక చోట ఆపక తప్పదు. మా టెక్నాలజిస్ట్ ఫిల్టర్‌ను 8 మిల్లీమీటర్లకు పెంచి అదే డేటాను మళ్లీ రీకన్‌స్ట్రక్ట్ చేసి చూపించాడు. కాలేయం చెదురు 19 నుంచి 11కు దిగింది. కుడి లోబ్ చుక్క మాయమైంది. ఛాతీలోని గడ్డ ముక్క 2.8 నుంచి 1.8కి వచ్చింది. "ఇప్పుడు బాగుంది కదా సార్" అన్నాడు.

చూడటానికి బాగానే ఉంది. స్కోరు కూడా 3కు దిగింది. కానీ ఆ చిత్రం మీద సంతకం చేయలేకపోయాను. ఫిల్టర్ పక్కపక్క విలువలను కలిపి సగటు చేస్తుంది, అంతకుమించి దానికేమీ తెలియదు. ఆ చుక్క నాయిస్ అయినా, నిజమైన సెంటీమీటరు గడ్డ అయినా 8 మిల్లీమీటర్ల ఫిల్టర్ కింద ఒకే విధంగా అణిగిపోతుంది. స్కానర్ విశ్లేషణ శక్తికి (అది విడదీసి చూపగల అతి చిన్న దూరానికి) రెండు, మూడు రెట్ల కంటే చిన్నవైన గడ్డల్లో అసలు విలువ ఎలాగూ తగ్గే కనిపిస్తుంది. ఫిల్టర్ ఆ తగ్గుదలను ఇంకా పెంచుతుంది.

ఈ సంగతిని మాటల్లో చెప్పి వదిలేయకుండా మా వాళ్లకు ఫాంటమ్ మీద చూపించాను. ఐఈసీ బాడీ ఫాంటమ్ అనే పెద్ద ప్లాస్టిక్ తొట్టిలో 10, 13, 17, 22, 28, 37 మిల్లీమీటర్ల లోపలి వ్యాసాలు గల ఆరు గోళాలు గుండ్రంగా అమర్చి ఉంటాయి. మరో రోజు రోగులందరూ వెళ్లిపోయాక మిగిలిన ఎఫ్‌డీజీని నీళ్లలో కలిపి, సన్నటి గొట్టాల గుండా సిరంజితో ఒక్కో గోళాన్ని నింపాం. 10 మిల్లీమీటర్ల గోళంలో పట్టేది అర మిల్లీలీటరే. అందులో చిన్న గాలిబుడగ నిలిచినా కొలత పాడవుతుంది కాబట్టి, గోళాన్ని వేలితో తట్టుకుంటూ, వెలుతురుకు ఎత్తి చూసుకుంటూ, మందును నిదానంగా ఎక్కించాలి. చేతికి రేడియేషన్ తగిలే పని గనుక ఆలస్యమూ చేయకూడదు. తొట్టిలో గోళాల కంటే చాలా పలుచని ద్రావణం పోసి స్కాన్ చేశాం. 5 మిల్లీమీటర్ల ఫిల్టర్‌తో ఆరు గోళాలూ కనిపించాయి. 8తో 10 మిల్లీమీటర్ల గోళం దాదాపు నేపథ్యంలో కలిసిపోయింది, 13 మిల్లీమీటర్లది పాలిపోయింది. అక్కడ గోళం ఉందని మా అందరికీ తెలుసు, మా చేతులతో నింపినదే అది. రోగి కాలేయంలో ఏముందో అలా ఎవరికీ ముందుగా తెలియదు.

మళ్లీ టేబుల్ మీదికి

ఆమె అప్పటికి టేబుల్ దిగి, మూత్రానికి వెళ్లివచ్చి, ఇంకా టిఫిన్ తినకుండా బయట కూర్చుని ఉన్నారు. మొదటి చిత్రాలను రోగి ఉండగానే చూసే అలవాటు ఈ విధంగా అక్కరకొచ్చింది. బయటికెళ్లి సంగతి వివరించాను: బొమ్మ సరిగా రాలేదు, మళ్లీ సూది వేయం, ఛాతీ, కడుపు భాగం మాత్రం మరోసారి నిదానంగా తీస్తాం అని. "ఇంగా ఎంత సేపు పండుకోవాల సార్?" అని అడిగారు. పావుగంట అన్నాను. సరేనన్నారు. చేతులు తలపైన పెట్టుకుని పడుకోవడం ఆమెకు నొప్పిగా ఉందని గమనించి, మా నర్సమ్మ మోచేతుల కింద దిండ్లు సర్దింది. ఇది చిన్న విషయం కాదు. చేతులు కదిలితే సీటీకి, పెట్‌కు పొంతన తప్పి అటెన్యుయేషన్ సవరణ (ఒంట్లోనే ఆగిపోయిన ఫోటాన్ల లోటును భర్తీ చేసే లెక్క) పాడవుతుంది, ఎన్ని నిమిషాలు తీసినా ఆ చిత్రం పనికిరాదు.

ఇంజెక్షన్ ఇచ్చిన 95 నిమిషాలకు, కాలేయాన్ని, ఛాతీ మధ్యభాగాన్ని కలుపుకునేలా రెండు బెడ్ పొజిషన్లు, ఒక్కోటి ఆరు నిమిషాలు, ప్రతి కౌంటునూ విడిగా నిలవచేసే లిస్ట్ మోడ్‌లో తీశాం. టేబుల్ దిగి ఎక్కినందువల్ల ఆ భాగానికి మరో తక్కువ డోసు సీటీ తప్పలేదు. స్కోరు మీద చికిత్స మారిపోయే చోట ఆ కొద్దిపాటి రేడియేషన్ సమర్థనీయమే అని రికార్డులో రాసి పెట్టాను.

ఎంత మెరుగు ఆశించవచ్చో ముందే లెక్కవేశాం. 33 నిమిషాల్లో ఎఫ్‌డీజీ 81 శాతానికి తగ్గింది, సమయం మూడింతలైంది, కాబట్టి కౌంట్లు 2.4 రెట్లు, దాని వర్గమూలం 1.56. 19ని 1.56తో భాగిస్తే 12. ఫిల్టర్‌ను ఏమాత్రం మార్చకుండా, పాత 5 మిల్లీమీటర్లతోనే రీకన్‌స్ట్రక్ట్ చేస్తే వచ్చిన చెదురు 12 శాతం. ఇలా లెక్క, కొలత కలిసినప్పుడే మొదటి చిత్రంలోని గరుకుదనం కౌంట్ల కొరత వల్లనేనని నాకు పూర్తిగా నమ్మకం కుదిరింది.

కొత్త చిత్రంలో కాలేయం సమంగా ఉంది. కుడి లోబ్‌లో చుక్క లేదు. అయినా మరో పరీక్ష చేశాం, ఈ కేసులో అన్నిటికంటే విలువైనదిగా నేను భావించేది ఇదే. లిస్ట్ మోడ్‌లో ప్రతి కౌంటూ అది పడిన వేళతో సహా నిలవ ఉంటుంది కాబట్టి, ఆరు నిమిషాల డేటాను మూడు రెండు నిమిషాల ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కను విడిగా రీకన్‌స్ట్రక్ట్ చేయవచ్చు. మూడు చిత్రాలనూ పక్కపక్కన పెట్టి చూశాం. మూడింటిలోనూ కాలేయం మొదటి స్కాన్ లాగే, ఇంకా చెప్పాలంటే అంతకంటే కొంచెం గరుకుగా ఉంది. ఒక్కోదానిలో ఒకటి రెండు ముదురు చుక్కలు లేచాయి. మొదటి ముక్కలో ఎడమ లోబ్‌లో లేచింది రెండో దానిలో లేదు. రెండో దానిలో పిత్తాశయం దగ్గర లేచింది మూడో దానిలో లేదు. మొదటి స్కాన్‌లో మమ్మల్ని కంగారు పెట్టిన చోట మూడింటిలోనూ ఏమీ లేదు. నాయిస్ ఒక చోట నిలవదు. నిజమైన గడ్డ ఎంత గరుకు చిత్రంలోనైనా తన చోటు వదలదు: ఛాతీలోని గడ్డ ముక్క మూడు చిత్రాలలోనూ అదే చోట, విలువలో కొంచెం అటూ ఇటూగా, కనబడుతూనే ఉంది.

ఆ ముక్క ఎస్‌యూవీ మ్యాక్స్ ఆరు నిమిషాల చిత్రంలో 2.1, కాలేయం సగటు 2.2, రక్తనాళాలు 1.4. ఈ అంకెలను మొదటి స్కాన్ అంకెలతో నేరుగా పోల్చకూడదు, ఎందుకంటే ఎఫ్‌డీజీ పంపిణీ సమయంతో మారుతుంది. ఒకే వేళలో తీసిన వాటినే ఒకదానితో ఒకటి పోల్చాలి. కానీ మొదటి 2.8లో నాయిస్ వాటా గట్టిగానే ఉందని అనుకోవడానికి ఆధారముంది. ఎస్‌యూవీ మ్యాక్స్ అంటే ఒకే ఒక్క పెద్ద విలువ; చెదురు ఎంత ఎక్కువైతే ఆ పెద్ద విలువ సాధారణంగా అంత పైకి పోతుంది. ఒక ఘన సెంటీమీటరు గోళంలో సగటు తీసే ఎస్‌యూవీ పీక్ ఇంతగా ఊగదు. అందుకే కౌంట్లు తక్కువైన స్కాన్లలో మ్యాక్స్ పక్కన పీక్ కూడా రాయమని మా రెసిడెంట్లకు చెబుతున్నాను.

నివేదికలో డోవిల్ 3 అని, కాలేయంలో వ్యాధి లేదని రాశాను. ఆంకాలజీ వైద్యులు బ్లియోమైసిన్ ఆపి మిగతా మందులు కొనసాగించారు. చికిత్స ముగిశాక తీసిన స్కాన్‌లో కాలేయం శుభ్రంగా ఉంది, ఛాతీలోని ముక్క రక్తనాళాల స్థాయికి దిగింది.

ఫిల్టర్ వేసిన చిత్రం కూడా 3 అనే చెప్పింది కదా, ఇంత శ్రమ దేనికని ఒక యువ వైద్యుడు అడిగాడు. జవాబు ఒకటే అయినా రెండింటి వెనకున్న ఆధారం ఒకటి కాదు. ఆ కాలేయంలో నిజంగానే గడ్డ ఉండి ఉంటే ఫిల్టర్ చిత్రం అప్పుడు కూడా 3 అనే చెప్పేది. ఆరు నిమిషాల చిత్రం చెప్పేది కాదు.

తర్వాత మార్చినవి

అన్నిటికంటే ముందు జాబితా వరుస మారింది. ఇంతకుముందు వచ్చిన వరుసలో ఇంజెక్షన్లు ఇచ్చేవాళ్లం. ఇప్పుడు ముందు రోజు ఫోన్ చేసినప్పుడే బరువు అడిగి రాసుకుంటున్నాం. బండి రాగానే, సీసాలో మందు చిక్కగా ఉండగానే, బరువైన రోగులకు ముందు ఇస్తాం. సన్నగా ఉన్నవాళ్లకు తక్కువ డోస్ సరిపోతుంది కాబట్టి వాళ్లు చివర. ఆదోని, ఆత్మకూరు, నంద్యాల వైపు నుంచి బస్సుల్లో వచ్చేవాళ్లలో బరువు ఎక్కువున్న వాళ్లను వీలైతే ముందు రోజు సాయంత్రమే వచ్చి ఉండమని కోరుతున్నాం. కొందరికి ఇది ఖర్చుతో కూడిన పని. అలాంటివాళ్లకు సమయం పెంచి సర్దుకుంటాం.

రెండోది, బెడ్‌కు రెండు నిమిషాలన్న ఒకే కొలత పోయింది. ఇంజెక్షన్ ఇచ్చిన వెంటనే నికర డోస్, బరువు కాగితం మీద రాసి, వర్గ సూత్రం ప్రకారం నిమిషాలు లెక్కవేసి టెక్నాలజిస్ట్ ముందు పెడతాం. సమయం మరీ ఎక్కువైతే తొడల దగ్గర తగ్గించి, కాలేయం, ఛాతీల దగ్గర పూర్తిగా ఇస్తాం. స్కాన్ అవగానే రోగి టేబుల్ మీద ఉండగానే కాలేయంలో మూడు సెంటీమీటర్ల గోళం గీసి చెదురు చూస్తారు. 15 దాటితే అక్కడికక్కడే ఆ బెడ్‌ను మళ్లీ తీస్తారు; రోగి కదలలేదు కాబట్టి రెండో సీటీ అవసరం ఉండదు. రోజుకు ఒకరిద్దరు తక్కువైతే తక్కువవుతారు. దీని మీద యాజమాన్యంతో మాట్లాడాల్సి వచ్చింది, మాట్లాడాను.

నివేదిక కోసం చదివే చిత్రాల ఫిల్టర్‌ను ఎవరూ మార్చకూడదని నిర్ణయించాం. ఒకే రోగి మొదటి స్కాన్ 5తో, రెండోది 8తో ఉంటే రెంటి మధ్య ఎస్‌యూవీ తేడా మందు వల్ల వచ్చిందో ఫిల్టర్ వల్ల వచ్చిందో ఎవరూ చెప్పలేరు. పాయింట్ స్ప్రెడ్ సవరణ (యంత్రం వల్ల వచ్చే మసకను సరిదిద్దే లెక్క) చేసిన చిత్రాన్ని గడ్డలను వెతకడానికి విడిగా ఉంచుకుంటాం. అది చూపును పదును చేస్తుంది గానీ చిన్న గడ్డల అంచుల దగ్గర విలువలను అసలు కంటే పెంచుతుంది, అందుకని అంకెలు దాని నుంచి తీసుకోం.

కృత్రిమ మేధతో నాయిస్ తీసేసే సాఫ్ట్‌వేర్ ఒకటి ఆ మధ్య మాకు ప్రయోగానికి ఇచ్చారు. ఈమె ఆరు నిమిషాల డేటా నుంచి కోసిన రెండు నిమిషాల ముక్కలనే దానికి పెట్టి చూశాం. చాలా చుక్కలను శుభ్రంగా తుడిచింది, చూసినవాళ్లకు ముచ్చటేసింది. కానీ మూడింటిలో ఒకదానిలో, నాయిస్ వల్ల లేచిన ఒక చుక్కను తుడవకుండా, దాని గరుకు అంచులను చక్కగా గుండ్రం చేసి, అచ్చం గడ్డలా నిలబెట్టింది. గరుకు చిత్రంలో ఆ చుక్కను చూస్తే అనుమానించేవాళ్లం. నునుపైన కాలేయం మధ్య గుండ్రంగా కనిపిస్తే అనుమానించడం కష్టం. ఇలాంటి సాధనాలు తక్కువ డోసుతో పని జరిపించగలవన్న ఆశ నాకు ఉంది, ముఖ్యంగా మందు దూరం నుంచి రావలసిన మా వంటి ఊళ్లకు, పిల్లల స్కాన్లకు. అయితే అసలు చిత్రం పక్కన లేకుండా శుభ్రం చేసిన చిత్రాన్ని ఒక్కదాన్నే చదవడానికి నేను ఒప్పుకోలేదు. లిస్ట్ మోడ్ డేటాను ముక్కలు చేసి చూసే పద్ధతి ఏ సాఫ్ట్‌వేర్‌నైనా సొంత రోగుల మీద, సొంత యంత్రం మీద పరీక్షించడానికి వాడుకోవచ్చు; దానికి అదనపు డోస్ అక్కరలేదు, కొనాల్సినదీ ఏమీ లేదు.

ఇప్పుడు మా నివేదికల్లో పద్ధతి వివరించే పేరాలో నికర డోస్, ఇంజెక్షన్ నుంచి స్కాన్ వరకు పట్టిన నిమిషాలు, బెడ్‌కు వెచ్చించిన సమయం, ఫిల్టర్, కాలేయం చెదురు శాతం తప్పకుండా రాస్తున్నాం. రోగి తర్వాతి స్కాన్ హైదరాబాదులోనో బెంగళూరులోనో చేయించుకుంటే, అక్కడి వైద్యులు మా అంకెలను ఎంతవరకు నమ్మవచ్చో వాటిని చూసి తేల్చుకోగలరు.